తూర్పు మిట్ట

ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. దాచడానికి అందులో పెద్ద రహస్యమేమీ లేదు, సిగ్గు అంతే.

నేను బడిపంతులుగా చేరిన మొదటి ఊరికి బస్సు లేదు. ముద్దనూరులో దిగి, జమ్మలమడుగు దారిలో కొంతదూరం నడిచి, తర్వాత చేలగట్ల మీద పడి పోవాలి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ప్రొద్దుటూరు. మా నాయన గుడి పూజారి. ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే కాబట్టి మా అమ్మ నన్ను కలెక్టరు పనికి పంపినంత ఆర్భాటంగా పంపింది. తీరా వచ్చి చూస్తే నల్లరేగడి నేల. వానొస్తే కాలు ఒకచోట, చెప్పు ఒకచోట. నెల తిరక్కముందే నాకు ఒకటే ధ్యాస పట్టుకుంది, ఎట్లయినా ప్రొద్దుటూరికి బదిలీ చేయించుకోవాలని.

బడి ఊరికి తూర్పు కొసన ఉండేది. బడి గోడ దాటితే బీడు. ఊరి పశువులన్నీ ఏ కాలం నుంచో మేస్తున్న బీడు అది. వానకాలం బురదలో గిట్టలు దిగబడి, ఎండాకాలం ఆ గుంతలు అట్లే రాయిలాగా గట్టిపడి, చూసుకోకుండా కాలు పెడితే మడమ తిరిగిపోయేది. ఎక్కడ చూసినా గడ్డలు, గుంతలు, పుట్టలు. నడిమధ్యన నడుమెత్తు మిట్ట ఒకటి. ఊరికి తూర్పున ఉంది కాబట్టి తూర్పు మిట్ట అనేవాళ్లు. దాని అవతల కుమ్మరోళ్లు మన్ను తవ్వుకున్న గుంత, ఆ తర్వాత బండ్ల బాట, బాట దాటితే వంక.

ఊరి గొడ్లనన్నిటినీ కాసేది ఒకే మనిషి. అరవై దగ్గరపడినవాడు. భార్య పోయింది, ఉన్న ఒక్క కూతుర్ని వేముల దగ్గరి పల్లెకు ఇచ్చినాడు. పొద్దున్నే వీధి వెంబడి కేక వేసుకుంటూ పోతే ఇంటింటివాళ్లూ గొడ్లను విప్పి వదిలేవాళ్లు. సాయంత్రం బీట్లో నుంచి ఊళ్లోకి పోయే సందు మొగదల నిలబడి, లోపలికి పోయే ప్రతి గొడ్డు వీపు మీదా చెయ్యి వేసి పంపేవాడు. ఈ మనిషికి మూగజీవాలంటే ఎంత ప్రేమో అనుకునేవాణ్ణి నేను. రోజుకొక ఇంటివాళ్లు ఆయనకు సంగటి పెట్టేవాళ్లు, పంట కాలంలో కళ్లాల్లో జొన్నలు పోసేవాళ్లు. ఆ మంద ఉంటేనే ఆయనకు తిండి.

ఆయనతో నా పరిచయం కొట్లాటతో మొదలు కావలసింది. బడి పక్కన నేను ఎంతో ముచ్చటపడి బీరతీగ పెట్టుకున్నాను. పూత పట్టిన నాడే ఒక ముసలి ఎర్రావు వచ్చి మొదలంటా మేసిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలను ఎక్కాలు చెప్పుకుంటూ ఉండమని బీట్లోకి పోయినాను. ఆయన ఎదురుగా వస్తున్నాడు. నడుము మీద చేతులు పెట్టుకొని దారికి అడ్డంగా నిలబడినాను. నన్ను చూసి ఆగుతాడు, దండం పెడతాడు, అప్పుడు దులిపేద్దామని నా ఎత్తు. ఆయన ఆగలేదు. నేరుగా వచ్చి నా రొమ్ముకు కొట్టుకున్నాడు.

"నీకు కండ్లు లేవా?" అని అరిచినాను.

"ల్యావు సామీ" అన్నాడు, గొంతు గుర్తుపట్టి.

వెటకారం చేస్తున్నాడేమో అని మొగం చూసినాను. రెండు కండ్లకూ తెల్లగా పొర కమ్ముకొని ఉంది. ఇన్నాళ్లూ ఆయన మాట వచ్చిన దిక్కుకు మొగం తిప్పి మాట్లాడుతుంటే నేనూ, ఊరంతా చూస్తున్నాడనే అనుకున్నాము.

"మూడేండ్లాయ సామీ. పొద్దు యాడుందో తెలుస్తాది, అంతే. మనిషి అగపడడు."

"మరి గొడ్లనెట్ల కాస్తాండావప్పా?"

"గొడ్లకు గంటలుండాయి. గంట ల్యానిదాన్ని నడకలో పట్టేస్తా. ఇంగ బీడంటావా, ఇది నా కాళ్లకు తెలుసు."

తెలుసంటే మామూలుగా కాదు. సందు దాటినాక గిట్టల గుంతలు, సందు మొగదల నుంచి అరవై అంగలకు తూర్పు మిట్ట, మిట్టకు ఎడమ పక్కన దిగితే కుమ్మరోళ్ల గుంత, గుంత అంచు పట్టుకొని పోతే బాట. ఆయన చెబుతూ నడుస్తుంటే నేను వెనక తడబడుకుంటూ పోయినాను. చూపున్న నేను రెండుసార్లు బోర్లా పడబోయినాను, ఆయన ఒక్కసారి కూడా తూలలేదు. మిట్ట దగ్గర ఆగి, పాదంతో దాన్ని తట్టి, "ఈడికొచ్చినానంటే ఇంగ నాకు భయం ల్యా. యాడ తప్పిపోయినా దీని కాడికొస్తే దారి దొరుకుతాది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించినాడు.

"ఎవురికీ చెప్పాకండి సామీ. గుడ్డోని చేతికి గొడ్లనెవురిస్తారు?"

"చెప్పనులేప్పా" అని మాటిచ్చినాను. బీరతీగ సంగతి ఎత్తలేదు. ఆ పూట నా మీద నాకే మంచి అభిప్రాయం కలిగింది.

ఆ మరుసటి వేసవిలో గ్రామసేవకుడు ఒక కబురు తెచ్చినాడు. వానలు మొదలైనాక బ్లాకు ఆఫీసరు ఊళ్లు చూడటానికి వస్తాడట. ఆటస్థలం ఉన్న బడులంటే ఆయనకు మహా ఇష్టమట. నేను ఎగిరి గంతేసినాను. ఆఫీసరు మెచ్చుకుంటే ఒక మాట రాస్తాడు, ఆయన ఒక మాట రాస్తే నేను ప్రొద్దుటూరులో ఉంటాను. ఆ సాయంత్రమే పంచాయతీ ప్రెసిడెంటు దగ్గరకు పోయి, బీట్లో బడివైపు సగాన్ని చదును చేసి వాలీబాల్ కోర్టు వేద్దామన్నాను. వంకవైపు సగం గొడ్లకు ఉండనే ఉంటుంది కదా అన్నాను. ఎండాకాలం, ఎద్దులకు పని లేదు, మనుషులకూ లేదు. పెద్ద మనిషి మీసం దువ్వుకొని సరే అన్నాడు.

మడకలు కట్టే ముందరి రోజు కాపరి బడి అరుగు దగ్గరికి వచ్చినాడు.

"సామీ, అంతా తీసేయండి. తూర్పు మిట్ట ఒక్కటి ఇడిసిపెట్టండి."

"అది సరిగ్గా కోర్టు అవతలి కొసకు అడ్డమొస్తుందప్పా."

"రవ్వంత పక్కకు జరపగూడదా?"

జరపొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. దారం పట్టి కొలిచింది నేనే. కోర్టును ఊరివైపు జరిపితే మిట్ట మిట్టలాగే ఉండిపోయేది. కాకపోతే అక్కడ ప్రెసిడెంటు గడ్డివామి ఉంది. దాన్ని తీయమని ఆయన్ను అడగాలి. అడిగితే, ఎందుకని ఆయన అడుగుతాడు. అప్పటికే ఆయన్ను ఒప్పించి నేను మురిసిపోతున్నాను. మళ్లీ పోయి గడ్డివామి గురించి బతిమాలుకోవడం నాకు నామోషీగా తోచింది. అసలు కారణం ఇంతే.

"మెల్లగా అలవాటవుతుందిలేప్పా" అన్నాను.

"అట్నే సామీ. పిల్లోళ్ల కోసరం గదా" అన్నాడు.

పదిరోజులు పని జరిగింది. మొదటిరోజు మడకలు గడ్డలకు తగిలి ఎగిరిపడినాయి. పలుగులతో పగలగొట్టి మళ్లీ దున్నినారు. ఎద్దులకు మొద్దు పలక కట్టి, బరువుకు దాని మీద ఇద్దరు మనుషులు నిలబడి, ఎత్తుల మన్ను పల్లాలకు లాగించినారు. మిగతాది ఆడవాళ్లు గంపలతో మోసినారు. నేను కొయ్యలూ దారమూ పట్టుకొని ఇంజనీరు మాదిరి తిరిగినాను. మన్ను రవ్వంత ఎత్తుగా ఉన్నా ఊరుకునేవాణ్ణి కాదు. తూర్పు మిట్ట మాత్రం ఎవరి పలుగుకూ లొంగలేదు. ఏ కాలం నాటి మన్నో. దాన్ని తీయడానికే మూడు రోజులు పట్టింది. తీసిన మన్నంతా కుమ్మరోళ్ల గుంతకు సరిగ్గా సరిపోయిందని అందరూ ఆశ్చర్యపోయినారు. నేను కూడా.

మా వైపు కొత్తగా పోసిన మన్ను గట్టిపడాలంటే, తొలి వాన పడినాక గొడ్లను తోలి తొక్కిస్తారు. వాన పడింది. మందను తోలవలసింది కాపరే. ఒక పూటంతా ఆయన గొడ్లను ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పినాడు. వాటి వెనక తానూ ఒట్టి పాదాలతో తొక్కుకుంటూ నడిచినాడు. తన కాళ్లకు తెలిసిన నేలను తన మంద చేతనే తొక్కించి పోగొట్టుకుంటున్నాడని అప్పుడు నా బుర్రకు తట్టలేదు. తట్టినా ఆపేవాణ్ణని చెప్పలేను.

పని అయినాక నా దగ్గరికి వచ్చి, "ఇంగ యాడా ఏమీ ల్యా గదా సామీ?" అన్నాడు.

"ఏమీ లేదప్పా. పళ్లెం మాదిరి ఉంది" అన్నాను. గొప్పగా చెప్పినాను.

దాని మీద గుట్ట నుంచి బండ్లతో గరుసు మన్ను తోలించి పరిచినాము. పిల్లల దగ్గర గోలీ ఒకటి తీసుకొని నేల మీద పెట్టి చూసినాను. కదల్లేదు. ఆ రాత్రి మా ఇంటికి జాబు కూడా రాసినాను, గోలీ కదల్లేదని.

అప్పటి నుంచి కాపరి నడక మారింది. నా బీరతీగ మేసిన ఆ ఎర్రావు తోక పట్టుకొని గ్రౌండు దాటేవాడు. చూసేవాళ్లకు గారాబంగా కనబడేది. నాకు తెలుసు కాబట్టి నేను ఆ సమయానికి నల్లబోర్డు వైపు తిరిగి ఏదో ఒకటి రాస్తూ ఉండేవాణ్ణి.

ఆఫీసరు జీపులో వచ్చినాడు. నాలుగు గంటలకు ఆట. రంగుకాగితాల తోరణాలు, తప్పెట్లు, చుట్టుపక్కల మూడూళ్ల జనం. ప్రెసిడెంటు కొత్త తలగుడ్డ చుట్టినాడు. మందను మీటింగు అయినాకే తోలుకొని రమ్మని కాపరికి ముందే చెప్పినాను. ఆయన అట్లే అన్నాడు, వంక దగ్గరే ఉండిపోయినాడు కూడా. కానీ మబ్బు పట్టింది. ఉరుము ఒకటి పెళపెళమనేసరికి గొడ్లు ఊరివైపు పరుగు పెట్టినాయి. వాటికి ఇల్లు తెలుసు, నా మీటింగు తెలియదు. ఎదురుగా తప్పెట్ల మోత విని బెదిరి, నాలుగు దిక్కులకూ చెదిరి, జనాన్ని చుట్టుకొని సందులోకి దూరినాయి. ఎర్రావు తోక కూడా ఆయన చేతిలో నుంచి జారిపోయింది. వెనక వస్తున్న కోడెదూడ ఒకటి ఆయన్ను భుజంతో తోసి, గిర్రున తిప్పి పోయింది.

ఆయన గ్రౌండు నడుమ ఒక్కడే నిలబడిపోయినాడు. తప్పెట్లవాళ్లు వాయించడం ఆపినారు. జనం నోళ్లు మూసుకొని చూస్తున్నారు. ఊరు ఏ దిక్కున ఉందో చెప్పే చప్పుడు ఒక్కటి కూడా లేదు. పొద్దును మబ్బు మూసింది. ఆయన కుడికాలు ముందుకు చాపి గరుసును అటూ ఇటూ దువ్వినాడు. ఇంకో రెండు అంగలు వేసి మళ్లీ దువ్వినాడు. ఆ పాదం దేన్ని వెతుకుతున్నదో అంత జనంలో నాకొక్కడికే తెలుసు. వెనక్కు తిరిగినాడు, కొంచెం పోయినాడు, ఆగినాడు, మళ్లీ మావైపు తిరిగినాడు. రెండు చేతులూ ముందుకు చాపి నడిచి నడిచి నెట్టులో పడి చుట్టుకున్నాడు. జనం ఘొల్లున నవ్వినారు.

నేను నిలబడిన చోటికీ ఆయనకూ మధ్య పది అంగలుంటాయేమో.

ఆఫీసరు నవ్వలేదు. "ఎవరండీ ఆయన? ఏమైంది?" అని నన్నే అడిగినాడు.

"పశువుల కాపరి సార్. తాగినాడు" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన జన్మలో సారాయి ముట్టినవాడు కాదు. తర్వాత నాకు నేను ఎన్నోసార్లు సర్ది చెప్పుకున్నాను, మాటిచ్చినాను కాబట్టి ఆయన గుట్టు దాచినానని. అబద్ధం. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఇచ్చిన మాట కాదు. గుడ్డివాడి చేత గొడ్లు కాయిస్తున్న ఊరు, గుడ్డివాడి దారి చెరిపేసిన పంతులు, ఈ రెండూ ఆఫీసరు చెవిన పడకూడదనిపించింది. నాకు గుర్తొచ్చింది ప్రొద్దుటూరు.

మద్యనిషేధం అమల్లో ఉన్న కాలమది. ఆఫీసరు మొగం మారిపోయింది. "ఈ ఊళ్లో సారాయి కాస్తున్నారా?" అని ప్రెసిడెంటును అడిగినాడు. వంక ఒడ్డున కాస్తున్నారని ప్రెసిడెంటుకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. ఆయన తలగుడ్డ సర్దుకుంటూ నీళ్లు నమిలినాడు. పక్కూరి ఆటగాళ్లు నవ్వుకుంటూ కాపరిని నెట్టులోంచి విడిపించి, భుజాలు పట్టి సందువైపు తిప్పి వదిలినారు. ఆట జరిగింది. మా ఊరే గెలిచింది. ఆఫీసరు నా భుజం తట్టినాడు. పొద్దు గూకక ముందే ప్రెసిడెంటు కాపరికి మనిషిని పంపినాడు, ఊరి పరువు తీసినావు, రేపటి నుంచి మందకు రావద్దని.

మరునాడు తెల్లవారుతూనే నా గది తలుపు చప్పుడైంది. తీస్తే ఆయన. గోడలు తడుముకుంటూ వచ్చినట్టున్నాడు, అరచేతులకు సున్నం అంటుకొని ఉంది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన తువ్వాల విప్పినాడు. నిండా ఈతపండ్లు.

"నిన్న మంచి పని చేసినావు సామీ" అన్నాడు. "గుడ్డోడని చెప్పింటే ఇంగ జన్మలో పిలిచేవాండ్లు కారు. తాగినాడంటే నాలుగు దినాలు తిట్టి మల్లా పిలుస్తారు. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. ఆపొద్దు ఇచ్చినావే, ఆ మాట."

అప్పుడన్నా చెప్పవలసింది. నీ కోసం ఆడిన అబద్ధం కాదప్పా, నా కోసం ఆడినానని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. నేను చెయ్యి చాపి పండ్లు తీసుకున్నాను. ఆయన పోయినాక తిన్నాను కూడా. బాగా తియ్యగా ఉన్నాయి.

నాలుగు దినాలు అయినాయి, నెల అయింది, ఎవరూ పిలవలేదు. ఆయన రోజూ బడి మెట్టు మీద వచ్చి కూర్చునేవాడు. సంగటి పెట్టే వంతులు ఒక్కొక్క ఇల్లూ మానేసింది. నేను వండుకున్నదాంట్లో కొంచెం పెట్టేవాణ్ణి, పెట్టినానని నాకు నేను లెక్క చెప్పుకునేవాణ్ణి. "ప్రెసిడెంటప్ప ఏమన్నా అన్నాడా సామీ?" అని అడిగేవాడు. నేను పోయి మాట్లాడుతున్నాననే ఆయన నమ్మకం. "ఇంకా ఏమీ అనలేదప్పా" అనేవాణ్ణి. నేను పోనేలేదు. పోయి, ఈయన తాగడని చెబితే, మరి ఆరోజు ఎందుకు చెప్పినావని అడుగుతారు. బదిలీ కాగితాలు అప్పటికే కదులుతున్నాయని తెలిసింది.

ఒకరోజు కలమల్ల నుంచి కొత్త కాపరి వచ్చినాడు. కుర్రవాడు, గట్టిగా ఈల వేసేవాడు. మంద గ్రౌండు దాటుతుంటే ఎర్రావు గంట వినబడి మెట్టు మీద ఈయన తల అటు తిరిగింది. ఎవరు తోలుతున్నారని నన్ను అడగలేదు. ఆ తర్వాత ప్రెసిడెంటు పేరెత్తలేదు.

వానలు ముగియకముందే నాకు ప్రొద్దుటూరు ఉత్తర్వు వచ్చింది. అదే వారంలో, వచ్చి తన దగ్గరుండమని ఆయన కూతురు కబురు పెట్టింది. ముద్దనూరు దాకా బండిలో పోతే అల్లుడు అక్కడికొచ్చి పులివెందుల బస్సు ఎక్కించుకొని పోతాడు. బురదకు బండి ఊళ్లోకి రాలేక బాట మీదే నిలబడింది. ఆయన గుడ్డమూట చంకన పెట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు.

"బండి కాడ ఇడుస్తావా సామీ? ఈ బయలు నాకు తెల్దు."

నా చెయ్యి పట్టుకున్నాడు. అదే మొదటిసారి. సందు మొగదల నుంచి గ్రౌండులోకి దిగినాము. "తూర్పు మిట్ట ఉన్నెకాడికి వస్తానే చెప్పు సామీ. ఒక్క గడియ నిలబడతా" అన్నాడు.

సరేనన్నాను. తర్వాత చూస్తే ఎక్కడా ఏ గుర్తూ లేదు. ఒకటే గరుసు, ఒకటే ఎత్తు. ఆ దారం పట్టింది నేనే, ఆ మిట్టను మూడు రోజులు దగ్గరుండి తవ్వించింది నేనే, అది ఎక్కడుండేదో నాకే తెలియలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను. నెట్టు కొయ్య పక్కకు వచ్చినాక, ఎక్కడో ఒకచోట నిలబెడితే ముసలాయన సంతోషపడతాడులే అనిపించింది.

"ఇదేప్పా. ఇక్కడే ఉండేది" అన్నాను.

ఆయన ఆగినాడు.

"ఇంగా పద్దెనిమిది అంగలుండాది సామీ" అన్నాడు. "సందు కాన్నుంచి లెక్క పెట్టుకుంటానే వస్తాండా."

నేను వెనక్కు తిరిగి సందు దాకా చూసినాను.

"తెల్దంటే తెల్దని చెప్పు సామీ. నేనేమన్నా అనుకుంటానా?"

కోపంగా అనలేదు. మిట్ట గురించే అన్నాడో, ఇంకా దేని గురించైనా అన్నాడో నేను అడగలేదు. నా చెయ్యి వదిలేసినాడు. ఒక్కొక్క అంగే పైకి లెక్కపెట్టుకుంటూ ఆ పద్దెనిమిదీ తానే నడిచినాడు, చెప్పులు విడిచి, మూట కింద పెట్టి, ఒట్టి పాదాలతో గరుసు మీద నిలబడినాడు. నేను వెనకనే ఉండిపోయినాను. తర్వాత బండివాని కేక విని, చెప్పులు తొడుక్కొని, మూట చంకన పెట్టుకొని, ఆ దిక్కుకు చెయ్యి చాపుకుంటూ పోయినాడు. నా చెయ్యి మళ్లీ అడగలేదు.